అనంతం సరిచేసే బల్ల

టిబిలిసిలో పాత వంతెన మీది సంత.
సమోవార్లకూ, తుప్పు పట్టిన పతకాల పెట్టెలకూ మధ్య
ఎతేరి బల్ల.
దాని మీద కడుపు విప్పిన కెమెరాలు,
పొలుసు తీసిన చేపల్లా.

పనిలో చేరిన మొదటి వారం
నాకు స్క్రూడ్రైవరు ఇవ్వలేదు.
కెమెరా ఒకటి చేతిలో పెట్టి
"బరువు తెలుసుకో" అంది. వారమంతా అదే పాఠం.
ఇత్తడి ముందు చలిని చెబుతుంది,
తర్వాత నీ చేతిని నీకే చెబుతుంది.
బ్యాటరీ లేదు, వెలిగే అంకె లేదు.
బొటనవేలు ఎక్కించినంత స్ప్రింగు,
ఆ స్ప్రింగు దాచుకున్నంత సెకండు.

రెండో వారం చూడనిచ్చింది.
చిన్న కిటికీలో నగరం,
నగరం నడుమ తేనెబొట్టంత పసుపు మరక,
మరకలో ప్రతిదీ రెండు.
రొట్టెలు మోసుకెళ్ళే మనిషి వెనక
అరడుగు దూరంలో అతని దయ్యం.
ఉంగరం తిప్పితే
దయ్యం నడిచొచ్చి మనిషిలో కలిసింది.
కలిసిన చోట అంకె: నాలుగు మీటర్లు.
దూరమంటే ఇంతేనా,
రెండు ఒకటవడానికి పట్టే తిప్పుడు?

"అద్దం ఎగిరే కెమెరాల్లో నొక్కగానే చీకటి,
నువ్వు తీసింది నువ్వే చూడవు.
ఇది కన్ను మూయదు.
గీతల అవతల కూడా లోకం ఉంటుంది,
చట్రంలోకి రాబోయే కుక్క ముందే తెలుస్తుంది."
పొగడ్త అక్కడ ఆపి తిట్లకు దిగేది.
లెన్సు మూత తీయకపోయినా నోరు విప్పదీ మొండిఘటం.
స్ప్రింగు ఎక్కించకుండా వేగం మారిస్తే
పళ్ళు విరగ్గొట్టుకుంటుంది.
పెళ్ళిలో ముప్పై ఆరు నల్ల ఫొటోలు తీసిన
మరిది గెలా కథ
బేరానికొచ్చిన ప్రతివాడూ వినాల్సిందే.

చివర్న ప్రతి కెమెరానీ
కొండ మీది టీవీ టవరు వైపు తిప్పేది.
లెన్సు మీద పడుకున్న ఎనిమిది, అనంతం గుర్తు.
అక్కడికి తెస్తే రెండు టవర్లూ ఒకటవ్వాలి.
కాకపోతే ఈగ తలంత మరను
వెంట్రుకవాసి కదపాలి.
అందుకే మా బల్ల దగ్గర అనంతమంటే
కొండ మీద కాస్త ఇనుము.
మంచు దిగిన రోజు అనంతం ఉండదు.
టీ కాచుకుని, షట్టరు గుడ్డకు పడ్డ సూదిబెజ్జాలు
నల్ల రంగుతో పూడుస్తూ కూర్చునేవాళ్ళం.

పక్క బల్ల ఓతార్‌ది, గడియారాలు.
చలికాలం మొదట్లో ఓ పొద్దున
అతనికి లోకం రెండైంది.
కంటి నరమేదో అలిసిందన్నారు.
ముళ్ళు నాలుగు, గ్లాసులు రెండు, ఎతేరిలు ఇద్దరు.
"ఒక్కతెతోనే వేగలేకపోయేవాణ్ణి" అని నవ్వి
పనిముట్లు గుడ్డలో చుట్టేశాడు.
అయినా వచ్చేవాడు,
ఖాళీ బల్ల వెనక గంటలు గడిపేవాడు.

ఆమె ఓదార్చలేదు.
ఒక కెమెరా అతని వైపు తోసి
"టవరు కుదిరిందేమో చూడు, నా కళ్ళు లాగుతున్నాయి" అంది.
అబద్ధం. దాన్ని పొద్దున్నే చూశాను నేను, సరిగ్గా ఉంది.
ఇచ్చేముందు ఉంగరాన్ని దగ్గరికి తిప్పేసింది,
అదీ చూశాను.

ఒక కన్ను మూశాడు.
మూయగానే లోకం ఒకటై ఉంటుంది.
పసుపు మరకలో మాత్రం మళ్ళీ రెండు,
కానీ ఈసారి వేళ్ళ కింద ఉంగరం.
తిప్పాడు. దాటిపోయాడు. వెనక్కి తెచ్చాడు.
"కుదిరింది" అన్నాడు చాలాసేపటికి,
ఎవరితోనో మాకు తెలీలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆ పని అతనిదే.
ఫిల్ము వేసిస్తానన్నాను ఒకసారి.
"ఎందుకూ?" అన్నాడు కన్ను తీయకుండానే.

నిన్న మంచు. టవరు లేదు.
అయినా కెమెరా ఎత్తి
ఎతేరి చెవిపోగు మీద నిలిపి తిప్పుతున్నాడు.
"మీటరుంటుంది" అంది ఆమె, మర మీంచి తల ఎత్తకుండా,
"కదలొద్దని ముందే చెప్పాలి కదయ్యా."